డిస్కు వచ్చింది, మెషిన్ రాలేదు

ప్రశ్న: మాది బంగారుపాళ్యంలో డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, మామిడి సీజన్లో మండీల బిల్లు పుస్తకాలు చేస్తుంటాం. పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. వాటి కోసం విండోస్ ఎక్స్‌పీని వీఎంవేర్ ప్లేయర్‌లో పెట్టుకుని పదేళ్లుగా నెట్టుకొస్తున్నాం. ఈమధ్య ఆ సిస్టమ్ మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ మాత్రం బాగుంది. వీఎంవేర్ ఫోల్డరు మొత్తం కాపీ చేసుకుని, కొత్త విండోస్ 11 సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, ఆ ఫైలు తగిలించాం. ఎక్స్‌పీ బొమ్మ వస్తుంది, నీలం తెర ఒక్క క్షణం మెరుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఫైలును వీడీఐగా మార్చి చూశాం, వీహెచ్‌డీగా మార్చి చూశాం. అదే వరస. ఫైలు పాడైందంటారా? మార్చడానికి ఇంకేదైనా మంచి సాఫ్ట్‌వేర్ ఉందా?
- ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

జవాబు: ఫైలు పాడు కాలేదు. మార్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం ఇక్కడితో ఆపేయండి. ఇంత ధీమాగా చెప్పడానికి ఆధారం మీ ప్రశ్నలోనే ఉంది: ఎక్స్‌పీ బొమ్మ వస్తోందన్నారు. ఆ బొమ్మ దాకా రావాలంటే బయాస్ ముందు డిస్కును చూడాలి, దాని మొదటి సెక్టార్ చదవాలి, ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న ప్రోగ్రామును లేపాలి. అది విండోస్ కెర్నల్‌నూ, కొన్ని డ్రైవర్లనూ డిస్కు మీంచి మెమరీలోకి ఎక్కించాలి. ఇవన్నీ మీ దగ్గర సవ్యంగా జరిగాయి. చదవడానికి వీల్లేని ఫైలైతే బండి ఇంత దూరం వచ్చేదే కాదు. పైగా వీఎంవేర్ వాడే వీఎండీకే ఫైలును వర్చువల్‌బాక్స్ ఉన్నదున్నట్టుగా తెరవగలదు, మార్చాల్సిన పనే లేదు. మూడు రకాల డబ్బాల్లో పెట్టినా సరుకు ఒకే చోట ఒకేలా బోల్తా పడుతోందంటే తప్పు డబ్బాది కాదు.

మరి బొమ్మ వచ్చాక ఏమవుతోంది? అప్పటిదాకా డిస్కు చదివిపెట్టింది బయాస్. కెర్నల్ లేవగానే బయాస్‌ను పక్కకు తప్పించి, తన సొంత డ్రైవరుతో డిస్కును పట్టుకోబోతుంది. ఆ డ్రైవరు ఏదన్నది ఎక్స్‌పీని ఇన్‌స్టాల్ చేసిన రోజే ఖరారైంది. ఆ రోజు వీఎంవేర్ ఏ రకం డిస్కు కంట్రోలర్ చూపిస్తే దానికి తగినదే రిజిస్ట్రీలోకి ఎక్కింది. ఇప్పుడు ఎదురుగా వేరే కంట్రోలర్ ఉంటే, తను కూర్చున్న డిస్కే తనకు కనిపించదు. నమ్మకం కుదరకపోతే, మెషిన్ లేచేటప్పుడు ఎఫ్8 నొక్కి, తప్పు వచ్చినప్పుడు దానంతటది రీస్టార్ట్ కాకుండా ఆపే వరుసను ఎంచుకోండి. నీలం తెర అలాగే నిలబడుతుంది. స్టాప్ అన్న మాట పక్కన సున్నాల వరుస, చివర 7బి అని ఉంటే, బూట్ డిస్కు అందలేదని ఎక్స్‌పీ చెబుతున్నట్టే. మీ పనిలోనే దీనికి పోలిక ఉంది. అను ఫాంట్లో చేసిన పత్రికను ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే ‘శుభలేఖ’ అని ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అప్పుడు ఫైలు పాడైందని మీరు అనరు, ఫాంట్ లేదంటారు. పేజ్‌మేకర్ ఫైలు ఫాంటు పేరును గుర్తు పెట్టుకుంటుంది గానీ ఫాంటును వెంట తెచ్చుకోదు. వర్చువల్ డిస్కూ అంతే. లోపలి విండోస్ పాత మెషిన్‌ను గుర్తు పెట్టుకుంటుంది, ఆ మెషిన్ మాత్రం ఫైలుతో పాటు రాదు. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కు మారినప్పుడు వచ్చే తిప్పల్లో చాలా భాగానికి వేరు ఇక్కడే ఉంది. కాబట్టి చేయాల్సింది కొత్త మెషిన్‌ను పాతదానిలా అమర్చడం. డిస్కు లోపల మార్పులు అది ఒకసారి లేచాకే.

పాత మెషిన్ ఎలా ఉండేదో ఎవరినీ అడగక్కర్లేదు, మీరు కాపీ చేసుకున్న ఫోల్డర్లోనే రాసి ఉంది. అందులో వీఎంఎక్స్ అనే తోకతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అంతా మామూలు అక్షరాలే. డిస్కు ఫైలు పేరున్న వరుస ‘ఐడీఈ0:0’ అని మొదలైతే మీది ఐడీఈ డిస్కు, ‘స్కజీ0:0’ అని మొదలైతే స్కజీ. ఎక్స్‌పీ కాబట్టి ఐడీఈ అయ్యే అవకాశమే ఎక్కువ. ‘ఎథర్‌నెట్0’ అని మొదలయ్యే వరుసల్లో మ్యాక్ అడ్రసు ఉంటుంది. వీఎంవేర్ తనంతట ఇచ్చినదైతే మొదటి మూడు జతలూ 00-0సి-29. వర్చువల్‌బాక్స్ ఇచ్చేవి 08-00-27తో మొదలవుతాయి. ఇక డిస్కును 2 జీబీ ముక్కలుగా దాచి ఉంటే, ఎస్001, ఎస్002 అని అంకెలున్న పెద్ద ఫైళ్లతో పాటు అంకె లేని చిట్టి వీఎండీకే ఒకటి కనిపిస్తుంది. కొన్ని కేబీలే ఉంటుంది. చెల్లని ఫైలేమో అనుకుని కాపీలో వదిలేస్తుంటారు గానీ అన్నిటికీ అదే తలకాయ, వర్చువల్‌బాక్స్‌కు చూపించాల్సిందీ దాన్నే. దాన్నీ నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. ముక్కల పేర్ల కింద ‘అడాప్టర్ టైప్’ అన్న వరుసలో ఐడీఈ, బస్‌లాజిక్, ఎల్‌ఎస్‌ఐలాజిక్ వంటి మాట ఒకటి కనిపిస్తుంది. ఈ మాటకూ వీఎంఎక్స్‌కూ తేడా వస్తే వీఎంఎక్స్ మాటే లెక్క.

ఇప్పుడు వర్చువల్‌బాక్స్‌లో పాతది తీసేసి కొత్త మెషిన్ ఒకటి చేయండి. ఏ విండోస్ అని అడిగినప్పుడు ఎక్స్‌పీ 32 బిట్ అని చెప్పాలి. మీ సిస్టమ్‌లో విండోస్ 11 ఉంది కదా అని అదే ఎంచుకుంటే, డిస్కు సాటా కంట్రోలర్‌కు తగులుతుంది, బయాస్ బదులు ఈఎఫ్ఐ వస్తుంది. ఎక్స్‌పీలో సాటా ఏహెచ్‌సీఐకి డ్రైవరే లేదు. మీ డిస్కూ సాటాకే తగిలి ఉంటుంది, 7బి వెనక కథ బహుశా అదే. స్టోరేజ్‌లో డిస్కును సాటా నుంచి తీసి ఐడీఈ కంట్రోలర్ కింద, పిక్స్4 రకం మీద పెట్టండి. వీఎంవేర్ చూపించే ఐడీఈ కూడా ఆ కుటుంబానిదే. స్కజీ అని తేలితే బస్‌లాజిక్, ఎల్‌ఎస్‌ఐలాజిక్ రెండూ వర్చువల్‌బాక్స్‌లో ఉన్నాయి, ఫైల్లో ఏ పేరుంటే అది పెట్టండి. తర్వాత సిస్టమ్ ట్యాబ్‌లో ఐఓ ఏపిక్ అన్న గడిలో టిక్ పెట్టండి. ఎక్స్‌పీ అనగానే వర్చువల్‌బాక్స్ దాన్ని తీసేసి ఉంచుతుంది, వీఎంవేర్‌లో పుట్టిన ఎక్స్‌పీ మాత్రం అది ఉంటుందనే నమ్మకంతో తయారై ఉంటుంది. అది లేకపోతే డిస్కు దొరికినా నల్ల తెర మీదే నిలిచిపోవచ్చు. ప్రాసెసర్ ఒక్కటి చాలు. నెట్‌వర్క్‌లో పాత మ్యాక్ అడ్రసునే రాయండి. ఎక్స్‌పీ యాక్టివేషన్ చూసుకునే ఆనవాళ్లలో నెట్‌వర్క్ కార్డు ఒకటి, అది మారకపోతే పేచీకి ఒక కారణం తగ్గుతుంది. కార్డు ఉంచి, ‘కేబుల్ కనెక్టెడ్’ అన్న టిక్ మాత్రం తీసేయండి, ఎందుకో చివరి జవాబులో ఉంది. ఎక్స్‌పీ లేచాక వీఎంవేర్ టూల్స్‌ను తీసేసి, వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్ వేసుకోండి. పాత సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగిల్ ఉంటే, మెషిన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టరు పెట్టి దాన్ని లోపలికి పంపాలి. కింద మూల పచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే కంగారు వద్దు. విండోస్ 11లో హైపర్-వి నడుస్తోంది కాబట్టి కాస్త నెమ్మదిస్తుందని దానర్థం.

ఇదంతా అసలు ఫోల్డరు మీద కాదు, దాని కాపీ మీద. కాపీకి వాడే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. వీఎంవేర్ 2 జీబీ ముక్కలు ఎక్కేస్తాయి, మీరు మార్చుకున్న వీడీఐ ఎక్కదు. ఫోల్డర్లో వీఎంఎస్ఎస్ తోకతో ఫైలు ఉందేమో కూడా చూడండి. ఉంటే, చివరిసారి ఎక్స్‌పీని షట్‌డౌన్ చేయకుండా సస్పెండ్ చేశారన్నమాట. ఆ ఫైల్లో ఉన్నది అప్పటి మెమరీ, అప్పటి పరికరాల స్థితి. ఇంకో ప్రోగ్రామ్‌కు అది ఎందుకూ పనికిరాదు. అది లేకుండా డిస్కును లేపితే, నడుస్తున్న సిస్టమ్‌కు కరెంటు పోయినట్టే లెక్క. డిస్కు చెకింగ్ వస్తే మధ్యలో ఆపకండి. స్నాప్‌షాట్ల గొడవ మీకు బహుశా ఉండదు, ప్లేయర్‌లో ఆ సౌకర్యం లేదు. కానీ ఆ మెషిన్‌ను ఎవరైనా వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో చేసి ఇచ్చి ఉంటే, 000001 అని అంకెలున్న వీఎండీకే ఉందేమో చూడండి. అలాంటప్పుడు ఈమధ్య చేసిన పనంతా అందులోనే ఉంటుంది. అసలు డిస్కు ఒక్కదాన్నే లేపితే ఎప్పటివో పాత ఫైళ్లు కనిపిస్తాయి. అంతటితో ఆగదు: అలా ఒకసారి లేపగానే అసలు డిస్కులో నాలుగు రాతలు మారతాయి, దాని మీద కట్టిన స్నాప్‌షాట్‌కు కింద పునాది కదిలిపోతుంది. తర్వాత వీఎంవేర్‌లో పెట్టినా తల్లి డిస్కు మారిందని మొరాయిస్తుంది. కాపీ మీద చేయమన్నది ఇందుకే.

ఓవీఎఫ్ అనే ప్రమాణం ఉందిగా, అందులోకి ఎగుమతి చేసుకుంటే ఈ తంటా ఎందుకని కొందరు అడుగుతారు. వీఎంవేర్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, డెల్, హెచ్‌పీ, జెన్‌సోర్స్ కలిసి 2007లో దాన్ని ప్రతిపాదించిన మాట నిజమే. మంచి ప్రమాణమే. మెషిన్‌కు ఏమేం కావాలో అందరికీ అర్థమయ్యే పద్ధతిలో రాసిపెడుతుంది. కానీ అది చీటీ మాత్రమే. చీటీలో అడిగిన కంట్రోలర్ అవతలి ప్రోగ్రామ్ దగ్గర లేకపోతే వేరేది ఇస్తుంది, లోపలి విండోస్‌కు ఆ సంగతి తెలియదు. లైనక్స్ సర్వర్ల వాళ్లు వర్ట్-వీ2వీ గురించి చెబుతారు, అది వీఎంవేర్ మెషిన్లను కేవీఎంకు చక్కగా తెస్తుంది. తెచ్చేటప్పుడు ఏం చేస్తుందో చూడండి: డిస్కు లోపలికి దూరి, అక్కడి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొత్త డ్రైవర్లు నాటుతుంది. ఫార్మాట్ మారిస్తే చాలన్నది నిజమైతే ఆ శ్రమ దేనికి? ఇక, ఎక్స్‌పీని మొదటినుంచీ వేసుకోవడమే తేలిక కదా అన్నది మూడో మాట. సీడీలు, కీలు, ఫాంట్ల ప్యాకేజీ అన్నీ చేతిలో ఉంటే నిజంగానే తేలిక. ఇరవై ఏళ్ల కిందటి సీడీ ఇప్పుడు చదవకపోతే మీ ఇమేజే మీ సీడీ.

అన్నిటికన్నా దగ్గర దారి ఇంకొకటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. వీఎంవేర్‌ను 2023లో బ్రాడ్‌కామ్ కొనేసింది, 2024 నవంబరు నుంచి వర్క్‌స్టేషన్ ప్రో అందరికీ ఉచితం. డౌన్‌లోడ్‌కు ఖాతా తెరవాలి, అదొక విసుగు. కొత్త సిస్టమ్‌లో అది వేసి పాత ఫోల్డరును తెరవండి. దీన్ని తరలించారా, కాపీ చేశారా అని అడుగుతుంది. తరలించామనే చెప్పండి, మ్యాక్ అడ్రసు మారకుండా ఉంటుంది. ఆ ప్రశ్న అడుగుతోందంటేనే, గుర్తింపు మారితే లోపల ఏమవుతుందో వీఎంవేర్‌కూ తెలుసన్నమాట. అక్కడ నడిస్తే అక్కడే ఉంచేసుకోండి, వర్చువల్‌బాక్స్ మీద పంతం అక్కర్లేదు. తప్పక మారాలంటే, అక్కడ బాగా నడుస్తున్నప్పుడే మర్జ్‌ఐడీఈ అనే చిన్న ఫైలు నడిపి, ఐడీఈ డ్రైవర్లన్నిటినీ రిజిస్ట్రీకి ఎక్కించి, టూల్స్ తీసేసి, షట్‌డౌన్ చేసి, అప్పుడు తరలించండి.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ కోసం ఉబుంటు ఇమేజ్ వర్చువల్‌బాక్స్‌లో తయారుచేసి పిల్లలకు ఇచ్చాం. వీఎంవేర్‌లో పెట్టుకున్న వాళ్లకు ఉబుంటు లేస్తోంది కానీ నెట్ రావడం లేదు. హైపర్-విలో పెట్టుకున్న వాళ్లలో కొందరికి అసలు లేవనే లేదు. ఒకరిద్దరి దగ్గర కొత్త మ్యాక్‌బుక్‌లున్నాయి, వాళ్లకు ఏమీ రాలేదు. ఒకే ఇమేజ్‌కు ఇన్ని రకాల జబ్బులేంటండీ?
- ఒక అధ్యాపకురాలు, చిత్తూరు

జవాబు: పై ప్రశ్నలో ఎక్స్‌పీ పాత మెషిన్‌ను మరిచిపోలేక పడిపోయింది. మీ ఉబుంటు అంత మొండిది కాదు. దాని బూట్ ఇమేజ్‌లో చాలా రకాల కంట్రోలర్ల డ్రైవర్లు ముందే ఉంటాయి, డిస్కును పేరుతో కాకుండా యూయూఐడీతో గుర్తుపడుతుంది. అందుకే లేచింది. నెట్‌వర్క్ కార్డు దగ్గర మాత్రం దానికీ జ్ఞాపకం అడ్డొచ్చింది. ఇప్పటి లైనక్స్, కార్డుకు అది కూర్చున్న స్లాటును బట్టి పేరు పెడుతుంది. వర్చువల్‌బాక్స్‌లో మొదటి కార్డు సున్నా బస్సులో మూడో స్లాటులో ఉంటుంది కాబట్టి ఈఎన్‌పీ0ఎస్3 అయింది. అదే ఉబుంటు వీఎంవేర్‌లో లేస్తే కార్డు పేరు సాధారణంగా ఈఎన్‌ఎస్33, హైపర్-విలో ఈటీహెచ్0. మీరు నెట్‌ప్లాన్ ఫైల్లో ఈఎన్‌పీ0ఎస్3 అని రాసి ల్యాబ్ ఐపీ ఇచ్చి ఉంటారు. ఆ పేరు గలవాడు ఆ ఊళ్లో లేడు, ఉన్నవాడికి ఎవరూ చిరునామా ఇవ్వలేదు. పంచే ఇమేజ్‌లో కార్డు పేరు రాయకుండా, మ్యాచ్ అన్న వరుస కింద ‘ఈ’ అక్షరంతో మొదలయ్యే ఏ కార్డైనా సరే అని రాసి, డీహెచ్‌సీపీ పెట్టేయండి, మూడు చోట్లా నడుస్తుంది. ఇమేజ్ ఉబుంటు కాకుండా ఫెడోరా, రాకీ లాంటిదైతే ఇంకో మెలిక ఉంది. వాటి బూట్ ఇమేజ్ పుట్టిన మెషిన్‌కు కావలసిన డ్రైవర్లనే పెట్టుకుంటుంది. వేరే చోట లేపితే డ్రాకట్ అత్యవసర తెర దగ్గర ఆగిపోవచ్చు. మెనూలోని రెస్క్యూ వరుసతో లేపి, హోస్ట్ ఓన్లీ లేకుండా డ్రాకట్‌ను మళ్లీ నడిపితే తేరుకుంటుంది.

హైపర్-వి సంగతి వేరు. దానికి వీహెచ్‌డీ లేదా వీహెచ్‌డీఎక్స్ తప్ప ఇంకేదీ వద్దు, ఇక్కడ మాత్రం ఫార్మాట్ మార్చక తప్పదు. క్యూఎము వారి ఇమేజ్ టూల్‌తో మార్చుకోవచ్చు. అలా మార్చుకున్నాక కూడా కొందరికి లేవలేదంటే, మెషిన్ చేసేటప్పుడు జనరేషన్ 2 అని ఎంచుకుని ఉంటారు. అది ఈఎఫ్ఐ. ఇమేజ్ చేసేటప్పుడు మీరు ప్రత్యేకంగా ఈఎఫ్ఐ టిక్ పెట్టి ఉండకపోతే మీది బయాస్ డిస్కు, దానికి జనరేషన్ 1 కావాలి. ఒకసారి ఎంచుకున్న జనరేషన్ మళ్లీ మార్చడానికి కుదరదు. మెషిన్ తీసేసి కొత్తది చేసి, అదే డిస్కు తగిలించమనండి.

మ్యాక్‌బుక్‌ల దగ్గర నేను చెబుతున్న వాదనకు హద్దు వస్తుంది. కంట్రోలర్‌ను పాతదానిలా అమర్చవచ్చు, కార్డునూ అమర్చవచ్చు. ప్రాసెసర్ జాతిని అలా అమర్చలేం. ఎం1 నుంచి వస్తున్న మ్యాక్‌లు ఆర్మ్ జాతివి, మీ ఇమేజ్ ఇంటెల్ జాతిది. 2024లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.1 ఆ మ్యాక్‌లలో నడుస్తుంది కానీ అందులో ఆర్మ్ ఇమేజ్‌లే లేస్తాయి. యూటీఎం అనే ప్రోగ్రాము ఇంటెల్ ప్రాసెసర్‌ను పూర్తిగా అనుకరించి నడిపించగలదు, ల్యాబ్ గంటలో పని తేలనంత నెమ్మదిగా. ఆ ఇద్దరికీ ఆర్మ్ ఉబుంటు ఒకటి విడిగా చేసివ్వండి.

ప్రశ్న: పాత డీటీపీ ఫైళ్ల కోసం ఇంకా ఎక్స్‌పీని మోస్తున్న షాపులు మన వైపు చాలా ఉన్నాయి. ఇది ప్రమాదం కాదా? హాయిగా యూనికోడ్‌కు మారిపోతే పోదా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ప్రమాదమే. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న చేతులెత్తేసింది. 2017 మే నెలలో వాన్నాక్రై ప్రపంచాన్ని చుట్టినప్పుడు చిత్తూరు జిల్లా సహా మన రాష్ట్రంలోని కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లకూ అది సోకినట్టు వార్తలొచ్చాయి. అది పాకింది ఎస్ఎంబీ మొదటి వెర్షన్లోని కంత గుండా. ఫోల్డర్లు పంచుకోవడానికి ఎక్స్‌పీకి తెలిసిన భాష అదొక్కటే. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ కొత్తగా వేసే విండోస్ 10లో దాన్ని తీసేయడం మొదలుపెట్టింది. ఎక్స్‌పీ నుంచి కొత్త సిస్టమ్ ఫోల్డరు తెరుచుకోవడం లేదని చాలామంది ఆ పాత ఎస్ఎంబీని వెతికి మరీ ఆన్ చేసుకుంటున్నారు. ఆ పని చేయొద్దు. బంగారుపాళ్యం పాఠకుడికి కేబుల్ టిక్ తీసేయమన్నది అందుకే. ఫైళ్లు అటూ ఇటూ తీసుకెళ్లడానికి గెస్ట్ అడిషన్స్ ఇచ్చే షేర్డ్ ఫోల్డర్ చాలు, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. నెట్ లేకుండా, పాత ఫైళ్లు తెరవడానికి మాత్రమే లేచే ఎక్స్‌పీని భరించవచ్చు. అదే ఎక్స్‌పీలో మెయిల్ చూస్తే భరించలేం.

యూనికోడ్‌కు మారాలన్నదానితో నాకు పేచీ లేదు, ‘హాయిగా’ అన్న మాటతోనే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. అను ఫాంట్లలో తెలుగు అక్షరం ఒక ఇంగ్లిషు గుర్తు వెనక దాగిన బొమ్మ, ఒత్తు ఇంకో బొమ్మ. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, పనీ చేస్తాయి. ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర అక్కడక్కడా జారతాయి. వ్యాసంలో జారితే దిద్దుకోవచ్చు, పెళ్లికూతురి ఇంటిపేరులో జారితే పత్రికలు మళ్లీ వేయాలి. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకునేవి, ఆ తర్వాతి వెర్షన్లు ఆ పని మానేశాయి. అందుకని ఎక్స్‌పీ నడుస్తున్నన్నాళ్లలోనే రెండు పనులు కానివ్వండి. మళ్లీ అచ్చు వేయాల్సిన ప్రతి ఫైలునూ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా తీసి బయట దాచండి, దానికి ఏ మెషిన్ గుర్తూ అక్కర్లేదు. ఏటా తిరగరాసే వాటిని, అంటే బిల్లు పుస్తకాలు, ధరల పట్టికలు, జాతర కరపత్రాల వంటివాటిని, యూనికోడ్‌లో కొత్తగా టైప్ చేయించండి. మిగతా పాత పత్రికలను ఇమేజ్‌లోనే పడుకోనివ్వండి. ఆ ఇమేజ్ పక్కనే వీఎంఎక్స్ ఫైలునూ, కంట్రోలర్ ఏదో, బయాసో ఈఎఫ్ఐయో, మ్యాక్ అడ్రసు ఎంతో రాసిన కాగితాన్నీ ఉంచండి.